గేటు మూసే హక్కు

తిరుపతిలో శనివారం సాయంత్రం నలుగురు కుర్రాళ్ళు టీకొట్టు దగ్గర కలిస్తే, రేపు ఏ కోనకు పోదామన్న మాట రాకుండా ఉండదు. తలకోన, కైలాసకోన, సింగిరికోన, సదాశివకోన... వానలు బాగా పడిన ఏడు ఈ వరస ఇంకా పొడుగవుతుంది. నాగలాపురం కొండల్లోకి, వరదయ్యపాళెం దగ్గరి ఉబ్బలమడుగుకు తెల్లవారకముందే మద్రాసు నుంచి దిగే బ్యాచీలు వేరు. పలమనేరు, కుప్పం వాళ్ళకు కైగల్ జలపాతం, మదనపల్లె వాళ్ళకు హార్సిలీ కొండ ఉండనే ఉన్నాయి. ఇన్ని చోట్లకు పోయే ఇంతమందికీ ఈ అడవి ఎవరిదన్న ప్రశ్న మాత్రం తట్టదు. టికెట్టు చించినవాడిదే అడవి అనుకుని లోపలికి పోతాం, నీళ్ళలో ఆడతాం, సాయంత్రానికి ఇల్లు చేరతాం.

ఆ ప్రశ్న వేసుకోవలసిన సమయం వచ్చింది. ఊరి అడవి, అంటే ఊరివాళ్ళే చూసుకుని, ఊరివాళ్ళే నిర్ణయాలు చేసి, పైవాళ్ళను రానిచ్చే అడవి అని చెప్పదగింది తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఉందా? దానికి దగ్గరగా వచ్చేవి ఏవి? ఈ మాట ఎత్తగానే ఫారెస్టు వాళ్ళూ, స్వచ్ఛంద సంస్థల వాళ్ళూ ఆదాయంలో వాటాల లెక్క తీస్తారు. వాటా ముఖ్యమే. కానీ నా దృష్టిలో అది రెండో ప్రశ్న. ఈ నెల అడవికి ఎవరూ రావద్దు అని చెప్పి గేటు మూసే హక్కు ఎవరికుంది అన్నది మొదటిది. అది తేలితే మిగతావి వాటంతటవే తేలతాయి.

తలకోన: ఇంటి పని ఊరిది, ఇల్లు వేరేవాళ్ళది

మన వైపు ఊరి అడవికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది తలకోన. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా యాభై అరవై కిలోమీటర్లు. ఎర్రావారిపాళెం మండలంలో నెరబైలు దాటాక రోడ్డు అడవిలోకి తిరుగుతుంది. 270 అడుగుల ఎత్తునుంచి పడే నీళ్ళు, కింద సిద్ధేశ్వరస్వామి గుడి. గెస్టుహౌసులు, క్యాంటీను, చెట్ల కొమ్మల మధ్య తాళ్ళు కట్టి చేసిన 240 మీటర్ల ఉయ్యాల వంతెన అన్నీ ఉన్నాయి. గేటు దగ్గర నిలబడేవాళ్ళూ, గదులు ఊడ్చేవాళ్ళూ, తాళ్ళ వంతెన మీద ఒక్కొక్కరినే వదిలేవాళ్ళూ చాలామంది చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళే. నెరబైలు వన సంరక్షణ సమితి పేరు ఈ ఏర్పాటుతో చాలాకాలంగా ముడిపడి ఉంది.

ఈ సమితులు ఎలా వచ్చాయో కొంచెం చెప్పుకోవాలి. 1988 జాతీయ అటవీ విధానం అడవి కాపాడటంలో జనాన్ని కలుపుకోమంది. 1990 జూన్‌లో కేంద్రం రాష్ట్రాలకు ఆ మేరకు ఉత్తరం రాసింది. 1992లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉమ్మడి అటవీ యాజమాన్యం పేరుతో జీవో ఇచ్చింది. ఇంటికి ఒక మగ, ఒక ఆడ చొప్పున సభ్యులుగా ఊరూరా వన సంరక్షణ సమితులు పుట్టాయి. ఊళ్ళో అందరూ వీఎస్ఎస్ అంటారు, బోర్డు మీద కూడా అలాగే ఉంటుంది. బీడుపడిన అడవిలో మొక్కలు నాటడం, ఎండాకాలంలో మంటలు పాకకుండా గడ్డి చెక్కి ఫైర్‌లైన్లు తీయడం, గొడ్డలి వేటు పడకుండా చూడటం వీళ్ళ పని. ప్రతిఫలంగా బోదగడ్డి, సీతాఫలాలు, ఉసిరి, కుంకుళ్ళు లాంటివి తీసుకోవచ్చు. 2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో సాముదాయిక అటవీ యాజమాన్య ప్రాజెక్టు వచ్చాక రాష్ట్రమంతటా సుమారు ఐదు వేల సమితుల మీద డబ్బు పెట్టారు. ఆ ఊపులోనే సమితుల చేతుల మీదుగా పర్యాటకం నడపాలన్న ఆలోచన బలపడింది. తలకోన, మామండూరు, విశాఖ దగ్గరి కంబాలకొండ, గోదావరి ఏజెన్సీలో మారేడుమిల్లి అలా తయారైనవే.

ఫలితం బాగాలేదని అనలేం. తలకోన దారిలో ప్లాస్టిక్ సీసాల దగ్గర పట్టుబట్టే మనిషి పక్క ఊరివాడైతే మాట తీరే వేరుగా ఉంటుంది. యూనిఫారం వేసుకున్న గార్డు కేకేస్తే వాదన పెట్టుకునే కుర్రాళ్ళు, “అన్నా, ఆ సీసా ఇక్కడ పెట్టి పో, వచ్చేటప్పుడు తీసుకో” అని నిదానంగా చెప్పే మనిషి దగ్గర తగ్గుతారు. కోతులు ఏ మలుపులో సంచి లాగుతాయో, పై వాగులో నీళ్ళు ఎర్రబారితే ఎంత తొందరగా గుండంలోంచి బయటికి రావాలో చెప్పేదీ ఆయనే. జలపాతానికి పోయే దారిలో చెట్టునుంచి చెట్టుకు అల్లుకుపోయిన గిల్లతీగ ఉంటుంది. తొడంత లావు కాండం, మూరకు మించిన కాయలు, లోపల బిళ్ళల్లాంటి గట్టి గింజలు. బోర్డు మీద దాని శాస్త్రీయ నామం రాసి ఉన్నా ఎవరూ చదవరు. ఆ మనిషి కాయ ఊపి గలగలమనిపిస్తే పిల్లలు కదలరు.

అయితే నేను మొదట చెప్పిన ప్రశ్న ఇక్కడ వేస్తే జవాబు వెంటనే తేలిపోతుంది. తలకోన ఉన్నది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో. 1989లో ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం సుమారు 353 చదరపు కిలోమీటర్లు. 2010లో శేషాచలం కొండల్ని రాష్ట్రంలో మొట్టమొదటి జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించినప్పుడు ఇదంతా అందులో భాగమైంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇలాంటిచోటికి చూడ్డానికి పోవాలంటే అనుమతి ఇవ్వాల్సింది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి. పర్యాటకం కూడా ఆ అనుమతి ఇవ్వదగ్గ పనుల్లో ఒకటిగా చట్టంలోనే ఉంది. ఊరికి ఆ అధికారం లేదు. రేటు నిర్ణయం అటవీ శాఖది, ఎన్ని గదులు కట్టాలన్నది శాఖది, ఎప్పుడు మూయాలన్నదీ శాఖదే. సమితి చేసేది నిర్వహణ. ఆ నిర్వహణకు జీతమో వాటానో వస్తుంది. పండగనాడు పెద్దింట్లో వంటంతా చేసినా వడ్డించే గరిటె మాత్రం చేతికి రాని చుట్టం పరిస్థితి అది.

మామండూరు గురించి రెండు మాటలు చాలు. తిరుపతి నుంచి కడప రోడ్డులో వచ్చే ఈ చోట ఇంగ్లీషువాళ్ళ కాలపు ఫారెస్టు బంగళా ఉంది. అడవి దట్టం, రద్దీ తక్కువ, తలకోన కంటే నాకు ఎక్కువ నచ్చే చోటు. వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ మన కొండల పులుల గురించి రాసిన కథల వల్ల చామల లోయ, భాకరాపేట, నాగపట్ల పేర్లు దేశదేశాలకు పాకాయి. చామల ఇప్పుడూ ఒక ఫారెస్టు రేంజి పేరు. ఆ కథల్లో ఊరివాళ్ళు జాడ చూపెడతారు, మంచె కడతారు, భయపడతారు. తుపాకీ మాత్రం దొరది. దొర పోయి శాఖ వచ్చింది, పాత్రల పంపకం పెద్దగా మారలేదు.

ఏడాదికి ఒక్కరోజు తెరిచే అడవి

విహారానికి అడవికి పోవడం మనకు కొత్తగా వచ్చిన అలవాటేమీ కాదు. ఎకో టూరిజం అన్న మాట పుట్టక చాలాముందే శేషాచలంలో ఒక పద్ధతి నడుస్తోంది, దాన్ని ఎవరూ ఈ లెక్కలో వేయరు. అదే తీర్థ ముక్కోటి. మకరమాసంలో రామకృష్ణ తీర్థం, కుంభమాసంలో కుమారధార, మీనమాసంలో తుంబురు తీర్థం. పౌర్ణమి వేళల్లో వేలమంది పాపవినాశనం వైపు నుంచి అడవిలోకి నడుస్తారు. బండలు, వంకలు, మోకాలిలోతు నీళ్ళు. తుంబురు తీర్థం దగ్గర కొండ రెండుగా చీలినట్టున్న ఇరుకులోంచి పోతుంటే పైన ఆకాశం గీతలా కనిపిస్తుంది. దేవస్థానం పులిహోర, పొంగలి, మజ్జిగ, మంచినీళ్ళు పెడుతుంది. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు రావద్దని ముందే చెబుతుంది. ఫారెస్టు, పోలీసు సిబ్బంది దారిపొడుగునా ఉంటారు. ఆ సందడి కాగానే దారి మూసుకుంటుంది. మిగతా ఏడాదంతా ఆ కోన జంతువులది.

వెళ్ళేవాళ్ళు దాన్ని విహారం అనరు, యాత్ర అంటారు. కానీ అందులో విహారం లేదని తుంబురుకు నడిచినవాళ్ళెవరూ అనరు. మజ్జిగ తాగుతూ, జారిన చెల్లెల్ని పట్టుకుని నవ్వుతూ, గుండంలో మునిగి కేరింతలు కొడుతూ పోయే జనం పిక్నిక్కులో ఉన్నట్టే ఉంటారు. అడవికి మేలు చేసేది భక్తి ఒక్కటే కాదు, పంచాంగం కూడా. ఏ రోజు తెరవాలో తిథి చెబుతుంది, దానితో ఏ అధికారీ ఏ కాంట్రాక్టరూ బేరమాడలేడు. తిరుమల కొండ మీద దేవస్థానం పరిధిలోని సుమారు 27 చదరపు కిలోమీటర్లు, దాని చుట్టూ ఉన్న రిజర్వు అడవి ఊరివి కావు, అవి దేవుడివి, ప్రభుత్వానివి. అయినా మూసే అధికారం ఎక్కడుందో అందరికీ తెలిసిన ఏర్పాటు మన జిల్లాల్లో ఇదొక్కటే అని నాకనిపిస్తుంది.

ఇదీ లోపం లేనిదేం కాదు. రోజూ తెరిచే దారుల సంగతి వేరు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను చంపాక పిల్లలకు వేళలు పెట్టారు, నడిచేవాళ్ళ చేతికి కర్రలిచ్చారు, బోన్లు పెట్టారు. 2025 మహాశివరాత్రికి ముందు, తలకోనకు అడవిదారిన నడిచిపోతున్న భక్తుల మీద గుండాలకోన దగ్గర ఏనుగులు పడ్డాయి, ప్రాణాలు పోయాయి. పాతకాలపు శివరాత్రి కాలిబాట అది. ఒకప్పుడు ఆ కొండల్లో ఏనుగులు లేవు. 1980లలో తమిళనాడు వైపునుంచి కుప్పం, పలమనేరు అడవుల్లోకి వచ్చిన మందలు ఇప్పుడు అంతదూరం తిరుగుతున్నాయి. పంచాంగం తిథి చెబుతుంది కానీ ఏనుగు ఎక్కడుందో చెప్పదు. అది చెప్పగలిగింది నిన్న సాయంత్రం జాడ చూసిన మేకలకాపరి. ఆయన్ని అడిగే ఏర్పాటు మాత్రం ఎక్కడా లేదు.

గేటే లేని కోనలు

నాగలాపురం, ఉబ్బలమడుగు కథ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. పదిహేనేళ్ళకు పైగా మద్రాసు ట్రెక్కింగ్ బృందాలకు ఈ కొండలు సొంత పెరడు. ఉద్యోగాల ఒత్తిడిలో ఉన్న పిల్లలు వారాంతానికి వచ్చి మడుగుల్లో ఈదుతారు, బండలెక్కుతారు, రాత్రి బండమీదే పడుకుంటారు. చాలామంది మంచి క్రమశిక్షణ గలవాళ్ళు. చెత్త ఏరి తీసుకుపోయినవాళ్ళూ ఉన్నారు. కానీ వీడియోలు చూసి వచ్చేవాళ్ళు అందరూ అలా ఉండరు. ఈత రాకపోయినా మడుగులో దూకడం, తాగి దూకడం, పై కొండల్లో వాన పడుతుంటే కింద వాగులో కూర్చోవడం... ఏటా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. ఎవరైనా మునిగి చనిపోయిన తర్వాత దారి మూస్తారు, కొంతకాలానికి తెరుస్తారు, మళ్ళీ మూస్తారు.

ఇందులో కింది ఊళ్ళకు దక్కేది ఏమిటి? ఇంటిముందు బండి నిలుపుకున్నందుకు పార్కింగు డబ్బులు, బోండాలు, మజ్జిగ పాకెట్లు. ఇక మడుగులో ఎవరైనా పడ్డారంటే, అర్ధరాత్రి లేచి గాలాలు వేసి, తాళ్ళు కట్టి వెతకాల్సింది ఊరివాళ్ళే. ఏ మడుగు ఎక్కడ లోతో, బండకింద సొరంగం ఎటు పోతుందో వాళ్ళకే తెలుసు మరి. అంత తెలిసినవాళ్ళకు పొద్దున వచ్చిన బ్యాచీని ఆపి “ఈ రోజు పై మడుగుకు వద్దు” అనే హక్కు లేదు. అంటే వినేవాళ్ళూ లేరు. నా మట్టుకు నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే అన్యాయంగా కనిపించేది ఇదే.

ఎర్రచందనం నీడ

శాఖ ఎందుకు పట్టు వదలదో అర్థం చేసుకోకుండా దాన్ని తిట్టడం తేలిక. మన కొండల్లో ఎర్రచందనం ఉంది. ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే, ముఖ్యంగా చిత్తూరు, తిరుపతి, కడప, నెల్లూరు కొండల్లో. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది. దుంగ ఒకటి దాటితే లక్షలు. 2015 ఏప్రిల్‌లో శేషాచలంలో ఇరవైమంది తమిళ కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. టాస్క్‌ఫోర్సు, చెక్‌పోస్టులు, కూంబింగులు ఉండనే ఉన్నాయి. ఇలాంటిచోట అడవిలో కనిపించే కొత్త మనిషి మీద అనుమానం సహజం, పాత మనిషి మీద ఇంకా ఎక్కువ. తేనె, నన్నారి గడ్డలు తెచ్చుకునే యానాదులు వాళ్ళ తాతల దారిలో నడవడానికి కూడా గార్డు మొహం చూడాల్సిన పరిస్థితి.

ఒక విచిత్రం ఉంది. పేరిత, తెల్లకరక, మొగి లాంటి మొక్కల్ని ఆకు చూసి చెప్పగలిగిన మనిషి అడవిలో ఉంటే అది అనుమానానికి కారణం. యూనివర్సిటీ విద్యార్థుల గుంపుతో ఉంటే అదే మనిషి గైడు. వీటిలో పేరిత తిరుమల కొండల చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా దాదాపు దొరకదు. దాన్ని చూడ్డానికే దేశవిదేశాల వృక్షశాస్త్రజ్ఞులు ఇక్కడికొస్తారు.

కేరళలో పెరియార్ పులుల అభయారణ్యం దగ్గర ఇలాంటి చిక్కునే ఒక విధంగా విప్పుకున్నారు. అడవిలో దాల్చినచెక్క జాతి బెరడు దొంగతనంగా ఒలిచి అమ్మేవాళ్ళను 1990ల చివర్లో ఒక సంఘంగా చేశారు, కేసులు తగ్గించారు, పర్యాటకుల్ని అడవిలో నడిపించే పని అప్పగించారు. దొంగదారులన్నీ తెలిసినవాళ్ళే కాపలాదారులయ్యారు. పర్యాటకుడికి అంతకంటే మంచి గైడు ఎక్కడ దొరుకుతాడు? మన దగ్గర దుంగ కొట్టడం పక్క రాష్ట్రపు కొండల నుంచి వచ్చే కూలీల పని కాబట్టి అదే నకలు పనికిరాదు. కానీ దారి చూపించడానికి లొంగిపోయే కింది ఊళ్ళ కుర్రాళ్ళ విషయంలో ఎందుకు పనికిరాదో నాకు అర్థం కాదు.

నిజంగా ఊరి చేతిలో ఉన్నవి

రిజర్వు అడవి గీత దాటి ఇవతలికి వస్తే పరిస్థితి మారుతుంది. పాత చిత్తూరు జిల్లాలోని మదనపల్లె, తంబళ్ళపల్లె వైపు గుట్ట పోరంబోకులు, మేత బీళ్ళు, చెరువు కట్టల వెనక చిట్టడవులు ఉన్నాయి. ఇవి రెవెన్యూ భూములు. ఆ ప్రాంతంలో ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అనే సంస్థ రెండు దశాబ్దాలకు పైగా ఊరివాళ్ళతో కలిసి ఇలాంటి ఉమ్మడి భూముల మీద పనిచేస్తోంది. అంతకుముందు 1980ల చివర్లో మొదలైన వృక్ష పెంపకందార్ల సహకార సంఘాల పని దీనికి పునాది. ఏ గుట్ట ఎప్పుడు మేపాలి, ఏ గుట్ట విశ్రాంతికి వదలాలి, సీతాఫలాలు ఎప్పటినుంచి కోయాలి అన్నది ఊరి సమావేశంలో తేల్చుకునే పద్ధతి ఇక్కడ ఉంది. అంటే నేను అడుగుతున్న మూసే హక్కు, కాగితం మీద కాకపోయినా కట్టుబాటుగా ఇక్కడ బతికే ఉంది. మేక తోలుకుపోయినవాడికి జరిమానా వేసే ఊళ్ళు ఉన్నాయి.

ఇక్కడికి ఎవరూ చూడ్డానికి రారు. జలపాతం లేదు కదా! కానీ పిట్టలు చూసేవాళ్ళకు ఈ రాతిగుట్టలు, తుమ్మ తోపులు బంగారు గని. పక్కనే రిషివ్యాలీ స్కూలు బోడి కొండల్ని దశాబ్దాలపాటు కంచె వేసి కాపాడి పచ్చగా చేసుకుంది. 1991లో దాన్ని పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించుకుంది. పసుపు గొంతు పికిలి పిట్ట కోసం కెమెరాలు పట్టుకుని వచ్చేవాళ్ళు ఆ వైపు తిరుగుతుంటారు. అది స్కూలు చూసుకునే భూమి, ఊరిది కాదు. అయితే అక్కడికి వచ్చే మనిషి రెండు కిలోమీటర్లు అవతల ఊరి గుట్ట కూడా ఎక్కితే, ఒకరి ఇంట్లో రాగి సంగటి తిని డబ్బిచ్చి పోతే, దానికి ఏ వార్డెన్ అనుమతీ అక్కర్లేదు.

రాయలసీమలో ఊరి అడవికి నిజమైన పెద్ద ఉదాహరణ మన వైపు కాదు, ఉత్తరాన చెన్నేకొత్తపల్లి దగ్గర ఉంది. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ చొరవతో, 1992 ప్రాంతం నుంచి ముష్టికోవెల చుట్టుపక్కల ఊళ్ళు కలిసి ఏడు వేల ఎకరాలకు పైగా బోడి కొండల్ని కాపాడుకున్నాయి. దానికి కల్పవల్లి అని పేరు పెట్టుకున్నారు. నాటింది తక్కువ, కాపాడింది ఎక్కువ. నిప్పు రాకుండా చూడటం, గొడ్డలి పడనీయకపోవడం, విత్తనాలు చల్లడం. గడ్డి వచ్చింది, వంకల్లో ఈతచెట్లు వచ్చాయి, కుంటల్లో నీళ్ళు ఆగాయి. జింకలు వచ్చాయి, వాటి వెనక తోడేళ్ళూ వచ్చాయి. చీపుళ్ళకు బోదగడ్డి, బుట్టలకు ఈతాకు, మేత. చెట్ల పెంపకందార్ల సహకార సంఘం దీన్ని చూసుకుంటోంది. చూడ్డానికి వచ్చేవాళ్ళు సంస్థ ద్వారా, కొద్దిమందిగా వస్తారు, కాపలా మనిషి వెంట నడుస్తారు.

అక్కడా హక్కు కాగితం లేదు. రికార్డుల్లో అది బంజరు. 2010 తర్వాత గాలిమరలు పెట్టుకోవడానికి ఆ కొండల్ని కంపెనీకి ఇచ్చినప్పుడు ఊళ్ళను అడగలేదు. కొండ నెత్తిన వెడల్పాటి రోడ్లు పడ్డాయి, మట్టి వాగుల్లోకి దిగింది, గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. ఇరవై ఏళ్ళు కాపాడి పెంచినవాళ్ళకు కూడా రావద్దు అనే మాట చెల్లలేదు.

హక్కు ఇచ్చే చట్టం, హక్కు దాటవేసే తీరు

ఆ మాట చెల్లేలా చేసే చట్టం ఒకటి మనకు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం. పట్టాల గురించే అందరూ మాట్లాడతారు కానీ, అందులో ముఖ్యమైంది సాముదాయిక అటవీ వనరు మీద హక్కు. తరతరాలుగా ఊరు వాడుకుంటున్న అడవిని కాపాడే, నిర్వహించే అధికారం గ్రామసభకు దక్కుతుంది. మహారాష్ట్ర గడ్చిరోలిలో మెండా లేఖా అనే గోండు ఊరు 2009లో ఈ హక్కు తెచ్చుకుని, తన వెదురు తానే అమ్ముకునేదాకా పోరాడింది. మన రాష్ట్రంలో మొదట్లో చాలాచోట్ల సాముదాయిక హక్కు పత్రాలు గ్రామసభకు కాకుండా వన సంరక్షణ సమితుల పేరిట ఇచ్చారు. శాఖ పెట్టిన సమితికి శాఖ అడవి మీద హక్కు ఇవ్వడం అంటే కుడిచేత్తో ఎడమచేతికి ఇవ్వడమే. చట్టం చెప్పింది అది కాదని అప్పుడే విమర్శలు వచ్చాయి.

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చిక్కు ఇంకోటి. ఇది షెడ్యూల్డు ప్రాంతం కాదు. యానాదులు ఎస్టీలే అయినా కాలనీలకు కాలనీలుగా చెల్లాచెదురై ఉన్నారు. మిగతా కులాల వాళ్ళు అడగాలంటే మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు అక్కడే అడవి మీద ఆధారపడి ఉన్నట్టు రుజువు చూపాలి. మేకలు కాసే బోయ ఇంటికో, గడ్డి కోసే మాల ఇంటికో అలాంటి కాగితం ఎక్కడిది? అందుకే ఈ చట్టం ఏజెన్సీల సంగతి అనుకుని మనవైపు ఎవరూ పట్టించుకోలేదు.

బయట ప్రపంచంలో ఈ విషయం ఇంత క్లిష్టంగా లేదు. నేపాల్ 1993 చట్టంతో ఊరి వినియోగదారుల సంఘాలకు అడవులు అప్పగించింది, అలాంటి సంఘాలు ఇప్పుడు ఇరవై వేలు దాటాయి. చిత్వన్ పార్కు అంచున బాఘ్‌మారా సాముదాయిక అడవిలో ఖడ్గమృగం చూడ్డానికి పోయిన పర్యాటకుడు ఆ ఊరి సంఘానికే రుసుం కడతాడు. పైగా పార్కు ఆదాయంలో 30 నుంచి 50 శాతం చుట్టూ ఉన్న ఊళ్ళకు వెళ్ళాలని అక్కడి చట్టం. మెక్సికోలో ఒహాకా కొండల మీద ఎనిమిది జాపొటెక్ ఊళ్ళు ఉమ్మడిగా అడవిని పెట్టుకుని ఊరినుంచి ఊరికి నడకదారులు, గుడిసెలు నడుపుతున్నాయి. అంతదూరం ఎందుకు, ఉత్తరాఖండ్‌లో 1931 నాటి నిబంధనలతో మొదలైన వన పంచాయతీలు ఇప్పటికీ ఉన్నాయి. మున్సియారీ దగ్గర సర్మోలీ ఊరి ఆడవాళ్ళు హోమ్‌స్టేలను ఊరి అడవి కాపలాతో ముడిపెట్టి నడిపారు. ఆ ఊరిని 2023లో కేంద్రం దేశంలో ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంచింది.

వీటిలో ఏదీ స్వర్గం కాదు. నేపాల్‌లో పెద్దకులాల పట్టు, ఒహాకాలో సరిహద్దు తగాదాలు ఉన్నాయి. తలకోన సమితి చేతికే రేపు పూర్తి హక్కు వచ్చినా, ఎర్రావారిపాళెం రాజకీయాలు అందులోకి రావని ఎవరూ పూచీ ఇవ్వలేరు. నెరబైలు సమితి అధ్యక్షుడు ఎవరో తేల్చేది అడవి మీద ప్రేమ ఒక్కటే కాదు. ఆ భయంతోనే కొందరు మంచి అధికారులు కూడా పట్టు వదలరు. ఆ వాదన నాకు నచ్చదు కానీ, అందులో నిజం లేదని చెప్పలేను.

తొందరపడాల్సిన కారణం మాత్రం ఒకటి వచ్చింది. 2023లో పార్లమెంటు అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించింది. ప్రణాళికలో ఉన్న పర్యావరణ పర్యాటక సదుపాయాలు, ప్రభుత్వ సఫారీలు ఇక అటవీయేతర పనుల కింద రావు. అంటే అడవిలో వాటికోసం కేంద్రం ముందస్తు అనుమతి అవసరం తగ్గింది. అడవిలో గుడారాలు, గాజు వంతెనలు, జిప్‌లైన్లు పెట్టడం సులువయ్యే రోజులివి. కౌండిన్య అభయారణ్యంలో రామకుప్పం దగ్గరి ననియాల క్యాంపు, పలమనేరు దగ్గర ముసలిమడుగులో 2025లో కర్ణాటక నుంచి వచ్చిన, మచ్చిక చేసిన కుంకీ ఏనుగుల శిబిరం ఉన్నాయి. జనం వాటిని చూడ్డానికి ఎగబడతారు. ఆ జనానికి దారి చూపించేది, చేల మీదకు ఏనుగులొచ్చిన రాత్రుల్లో టపాకాయలు పట్టుకుని నిద్రమానుకున్న రైతు కొడుకా, బెంగుళూరు కంపెనీ మేనేజరా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. పెట్టుబడి వచ్చి కూర్చున్నాక గేటు మూయమని అడగడం ఎంత కష్టమో కల్పవల్లి చూపించింది.

పెద్ద చట్టాలు మారేదాకా ఆగక్కర్లేకుండా, శాఖ తన అధికారంలోంచే సమితికి మూడు నిర్ణయాలు అప్పగించవచ్చు. రోజుకు ఎంతమందిని లోపలికి వదలాలి, ఏ మడుగులో ఎప్పుడు దిగనివ్వాలి, ఏడాదిలో ఏ నెలలు మూసి ఉంచాలి. ఈ మూడింటి మీద సమితి సమావేశంలో జరిగిన తీర్మానాన్ని కారణం రాతపూర్వకంగా చెప్పకుండా రేంజరు కాదనకూడదని ఒక ఉత్తర్వు చాలు. మూసిన నెలల్లో కూలి పోతుంది కాబట్టి, తెరిచిన నెలల ఆదాయంలోంచి ఆ కూలికి నిధి పక్కన పెట్టాలి. లేకపోతే ఏ సమితీ మూయదు. దీన్ని మొదలుపెట్టడానికి తలకోన కంటే అనువైన చోటు లేదు. సమితి ముందే ఉంది, లెక్కలు రాసే అలవాటు ఉంది. శివరాత్రి రద్దీ నుంచి మండు వేసవిదాకా ఏ వారం ఎంతమంది వచ్చారో గేటు దగ్గరి టికెట్టు పుస్తకాలే చెబుతాయి. ముందు ఆ పుస్తకాల లెక్కలు నెరబైలు సభలో చదివి వినిపించాలి.